ఆరని తాడు

పొద్దున్నే లేచి రాఘవమ్మ చేసే మొదటి పని కొడుకు తాడు పిండి ఆరెయ్యడం. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు జ్ఞానేశ్వర్ గదిలోకి వెళ్లేది. వాడి తలగడ పక్కనో, కాళ్ల దగ్గరో, ఒక్కోసారి గుండెల మీదో తాడు తడిగా పడుకుని ఉండేది. దుప్పటి తడిసేది, పరుపు తడిసేది. ఆమె దాన్ని బాల్కనీలోకి తీసుకుపోయి, మెలిపెట్టి పిండి, దండెం మీద వేసి క్లిప్పులు పెట్టేది. కింద బకెట్టు ఉంచేది. వేసవిలో బెజవాడ ఎండకి మేడ మీద వడియాలు మధ్యాహ్నానికే గలగలలాడతాయి గానీ, ఆ తాడు మాత్రం ఏనాడూ ఆరిన పాపాన పోలేదు. సాయంత్రం బకెట్లో చేరిన నీళ్లు తులసి కుండీలో పోసేది. ఆ నీళ్లంటే ఆమెకు ఇష్టం లేదు, అలాగని తూములో పారబోయడానికి మనసూ ఒప్పేది కాదు.

భవానీపురంలో వాళ్లుండే అపార్ట్‌మెంట్లో ప్రతి ఇంట్లోనూ ఇలాంటిది ఏదో ఒకటి ఉంది. అన్నప్రాసన నాడు పిల్లలు పాక్కుంటూ వెళ్లి ఏ వస్తువు పట్టుకుంటే అది జీవితాంతం వెంట వస్తుంది. ఎక్కడ దాచినా, ఎవరికిచ్చినా తెల్లారేసరికి తిరిగొచ్చేస్తుంది. పై అంతస్తులో తిరుపతిరావు గారని ఒకాయన ఉన్నారు. రైతు కుటుంబంలో పుట్టి ఇప్పుడు ప్లాట్లు అమ్ముతారు. ఆయన నాగలి కర్రు రోజూ గుమ్మం ముందు చెప్పుల పక్కన వచ్చి కూర్చుంటుంది. ఆయన దాన్ని కాలితో పక్కకు జరిపి, కారు తాళాలు ఊపుకుంటూ లిఫ్ట్ ఎక్కుతారు. ఒక్కోసారి అది ముందే లిఫ్ట్‌లో ఉంటుంది. "కొంచెం జరుగమ్మా" అని దాంతోనే అని, జనం సర్దుకుని నిలబడతారు.

రాఘవమ్మ భర్త అంకమ్మరావుది పెడనలో నేత కుటుంబం. ఆయన పట్టుకున్నది నాడె, మగ్గంలో అటూ ఇటూ నూలు మోసుకుతిరిగే నాడె. మగ్గం మూలపడ్డాక ఆయన వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తాగా చేరాడు. నాడె కూడా కొట్టుకు వచ్చేసి బిల్లుల మీద కూర్చునేది. "ఫ్యాను గాలికి కాయితాలు ఎగరకుండా పనికొస్తుంది, ఉండనివ్వు" అన్నాడు కొట్టు యజమాని. అలా ఆ నాడెకూ అక్కడ ఉద్యోగం దొరికింది.

ఏదీ రానిది రాఘవమ్మకే. వాళ్లింట్లో ఆమె మూడో ఆడపిల్ల. పెద్దవాళ్లిద్దరికీ చేసిన ముచ్చట్లతోనే ఓపిక అయిపోయింది కాబోలు, ఈమెకు పళ్లెం పెట్టలేదు, నాలిక్కి పరమాన్నం రాసి సరిపెట్టారు. చిన్నప్పుడు పొద్దున్నే తలగడ కింద చెయ్యి పెట్టి వెతుక్కునేది, తనకూ ఏదైనా వచ్చిందేమోనని. అలా వెతకడం ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు. పెళ్లయ్యాక ఇంట్లో కుట్టుమిషను ఉంది కాబట్టి చీరలకు ఫాల్స్ కుట్టింది. ఎవరైనా నీకేం ఇష్టం అని అడిగితే, ఏం కూర చెయ్యమంటారో అడిగారనుకుని వాళ్ల ఇష్టం కనుక్కునేది.

జ్ఞానేశ్వర్ అన్నప్రాసననాటికి వాళ్లు కృష్ణ ఒడ్డున ఘాట్ దగ్గర రేకుల ఇంట్లో అద్దెకుండేవాళ్లు. అంకమ్మరావు పళ్లెంలో నాడె పెట్టనివ్వలేదు. పుస్తకం, పెన్ను, తల్లి బంగారు గొలుసు, ఎవరినో బతిమాలి తెచ్చిన స్టెతస్కోపు పెట్టాడు. పెన్ను పిల్లాడి చేతికందేలా కాస్త ముందుకు జరిపాడు కూడా. పిల్లాడు మూతి నిండా పరమాన్నంతో పళ్లెం వంక చూసి నవ్వి, దాని పక్కనుంచి పాక్కుంటూ గుమ్మందాకా వెళ్లిపోయాడు. అక్కడ భోజనానికి పిలిచిన జక్కయ్య కూర్చుని ఉన్నాడు. జక్కయ్య గజ ఈతగాడు. కృష్ణలో మునిగినవాళ్లను, ప్రాణం ఉన్నా లేకున్నా, పైకి తెచ్చి వాళ్లవాళ్లకు అప్పగించడం ఆయన పని. ఆ రోజు కూడా పనిలోంచే వచ్చాడు. భుజం మీది కొబ్బరితాడు కొస నేల మీద నీళ్లు కారుస్తోంది. పిల్లాడు ఆ కొస పట్టుకున్నాడు. ఎవరు విడిపించినా వదల్లేదు, గుక్కపట్టి ఏడ్చాడు. చివరికి జక్కయ్యే జానెడు ముక్క కోసి వాడికి వదిలేసి, తప్పు చేసినవాడిలా తలొంచుకుని విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

ఆ జానెడు తాడు వాడితోపాటే పెరిగింది. వాడెంత ఎత్తయితే అదీ అంత పొడుగు. బడి సంచీలో చేరి పుస్తకాలు తడిపేది. పదో తరగతి లెక్కల పరీక్షలో బెంచీ ఎక్కి జవాబులన్నీ అలికేస్తే, వాచరుగా వచ్చిన మాస్టారు "తాడు కాళ్ల దగ్గర పెట్టుకో బాబూ" అని ఇంకో కాగితం ఇచ్చి వెళ్లారు.

తాడును చూసినప్పుడల్లా రాఘవమ్మకు జక్కయ్య ఒడ్డుకు తెచ్చే శవాలే కళ్లముందు మెదిలేవి. పిల్లాడికి ఈత నేర్పకూడదని గట్టిగా నిర్ణయించుకుంది. ఘాట్‌కు వెళ్లినా రెండో మెట్టు దాటనని వాడిచేత తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఈత రాకపోతే నీళ్లలోకి దిగడు, దిగకపోతే మునగడు. చుట్టుపక్కలవాళ్లు కూడా అదే మంచిదన్నారు. పాపం, ఎవరికీ అందులో తప్పు కనబడలేదు.

ఇంటర్‌లో ఉండగా ఒకరోజు వాడు కాలేజీకని చెప్పి ఘాట్‌లో దొరికిపోయాడు.

"ఏంట్రా ఇది? ఇక్కడేం చేస్తున్నావ్?"

"ఒట్టు తప్పలేదమ్మా. రెండో మెట్టు మీదే కూర్చున్నా." వాడి మొహం వెలిగిపోతోంది. "ఇందాక జక్కయ్య బాబాయి ఒకాయన్ని పైకి తీశాడు. బోర్లా పడుకోబెట్టి వీపు చరిచాడు. అప్పుడాయన ఊపిరి తీసుకున్నాడమ్మా. పసిపిల్లలు పుట్టగానే ఏడవబోయేముందు ఒక చప్పుడు చేస్తారంటావే, అట్టా ఉంది. అలాంటి చప్పుడు వినే పని ఇంకేదైనా ఉందా?"

"ఆ పనిలో ఊపిరి తీసుకోనివాళ్లే ఎక్కువ. అది చెప్పలేదా మీ బాబాయి?"

"చెప్పాడు. వాళ్లనైనా ఎవరో ఒకళ్లు ఇంటికి తీసుకురావాలిగా అమ్మా?"

తల తుడుచుకుంటూ జక్కయ్య పైకి వచ్చాడు. "అమ్మా, నేనే మీ ఇంటికొచ్చి అడుగుదామనుకుంటన్నా. పిల్లోడికి ఈత నేర్పుతా. ఈ పనిలోకి లాగాలని కాదమ్మా. తాడు అట్టా ఎంట తిరుగుతుంటే ఈత రాకుండా ఉండకూడదు."

రాఘవమ్మకు ఒళ్లు మండింది. "మావాడు ఇంజనీరవుతాడు జక్కయ్యా. శవాలు మోసేవాడు కాడు. నీ పని నీ పిల్లలకు నేర్పుకో."

జక్కయ్యకు పిల్లలు లేరు. ఆ సంగతి రాఘవమ్మకు తెలుసు. మాట నోరు జారాక వెనక్కి తీసుకోవాలనిపించింది, కానీ కొడుకు చెయ్యి పట్టుకుని చరచరా మెట్లెక్కేసింది.

ఆ నెలలోనే సిద్ధాంతి వెంకటప్పయ్య గారిని పిలిపించారు. ఆయన అంతా విని, రెండోసారి అన్నప్రాసన చేసి సరైన వస్తువు పట్టిస్తే మొదటిది తప్పుకుంటుందన్నారు. అలా మూతి మీద మీసం మొలుస్తున్న పిల్లాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, ఉంగరంతో నోట్లో పరమాన్నం పెట్టారు. తాడును ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశారు. పళ్లెంలో ఈసారి పెన్ను ఒక్కటే ఉంది. "పాకాలి నాయనా" అన్నారు సిద్ధాంతి గారు. జ్ఞానేశ్వర్ పాకాడు. మోకాళ్లు నేలకు గీసుకుపోతుంటే, నవ్వు ఆపుకుంటూ పళ్లెందాకా పాకి, తలెత్తి తల్లి మొహం చూశాడు. ఆ మొహంలో ఏం కనబడిందో, నవ్వు మానేసి పెన్ను తీసుకున్నాడు. మర్నాడు పొద్దున పెన్ను పెట్టిన చోటే ఉంది. తాడు మాత్రం వాడి గుండెల మీద పడుకుని ఉంది.

అయినా వాడు మంచి పిల్లాడు. మళ్లీ ఈత మాట ఎత్తలేదు. ఇబ్రహీంపట్నం అవతల కాలేజీలో బీటెక్ చదివాడు, తడి తాడును ఒళ్లో పెట్టుకుని కోడింగ్ నేర్చుకున్నాడు, బెంగళూరు కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. అంకమ్మరావు కొట్లో అందరికీ పూతరేకులు పంచాడు. ఉద్యోగం వస్తే కార్తీక సోమవారం కొడుకుతో కలిసి కృష్ణలో దీపం వదులుతానని రాఘవమ్మ మొక్కుకుంది. ఆ మొక్కు తీర్చుకోవడానికే వాణ్ణి తనే ఘాట్‌కు తీసుకెళ్లింది.

బయల్దేరేటప్పుడు తాడు వాడి వెంట గుమ్మందాకా వచ్చింది. "ఉద్యోగం వచ్చింది కదరా, ఇంకా దీనితో పనేంటి? ఈ ఒక్కపూటైనా వదిలిపెట్టిరా" అని దాన్ని బాల్కనీ ఊచకు వేసి, బైండింగు వైరుతో బిగించి కట్టింది. వాడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

పొద్దెక్కి ఎండ నీళ్ల మీద పరుచుకుంటోంది. అరటిదొప్పలో దీపం వెలిగించడానికి రాఘవమ్మ వంగి, గాలికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడే ఎవరో కెవ్వున అరిచారు. స్నానం చేస్తున్న ఒక పసివాడు నాచు మెట్టు మీద కాలు జారి, లోతుకు ముందు కట్టిన గొలుసు దాటి అవతలకు పోయాడు. జక్కయ్య ఘాట్‌కు ఆ చివర ఉన్నాడు. రాఘవమ్మ తలెత్తేసరికి రెండో మెట్టు మీద జ్ఞానేశ్వర్ చెప్పులే ఉన్నాయి. వాడు పసివాణ్ణి అందుకుని మెట్ల వైపు తోశాడు. నలుగురూ పసివాణ్ణి పట్టుకున్నారు. ఆ సంబరంలో, తోసినవాడు ఏమయ్యాడని ఎవరూ చూడలేదు. చూసింది తల్లి ఒక్కతే. ఆమెకూ ఈత రాదు.

జక్కయ్యే వాణ్ణి పైకి తెచ్చాడు. బోర్లా పడుకోబెట్టి వీపు చరిచాడు, మళ్లీ మళ్లీ చరిచాడు. ఆ చప్పుడు కోసం రాఘవమ్మ చెవులు రిక్కించి కూర్చుంది. రాలేదు. ఎవరో ఆమె భుజం పట్టుకుని లేవదీశారు. అప్పుడు చూసింది, మొదటి మెట్టు మీద తాడు ఉంది. పరుగెత్తుకు వచ్చినట్టు దుమ్ము కొట్టుకుపోయి ఉంది. దాని కొసకు తెగిన బైండింగు వైరు ముక్క ఇంకా వేలాడుతోంది.

మనిషి పోతే వస్తువునూ చితి మీద పెట్టేస్తారు. తాడునూ పెట్టారు. పెద్దదినం అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఒక పొద్దున రాఘవమ్మ కుట్టుమిషను మీద గుడ్డ తీస్తే అది అక్కడ ఉంది. కింద ఎవరిదో పట్టుచీర తడిసిపోయింది.

"నీకొచ్చిందా?" అన్నాడు అంకమ్మరావు గుమ్మంలో నిలబడి.

"నాకే వచ్చింది."

ఆయన లోపలికొచ్చి తాడు కొస తాకి చూశాడు. "మా పెడనలోనూ ఒకళ్లకు ఇట్టాగే వచ్చిందట," అని, కళ్లు తుడుచుకుని, ఆ పూట కాఫీ తనే కలిపాడు.

చిన్నప్పుడు తలగడ కింద ఎంతో వెతుక్కున్నది ఇప్పుడు వచ్చింది. రాఘవమ్మకు దాని మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేం. "అప్పుడు రాకుండా ఇప్పుడెందుకు వచ్చావ్?" అని తిట్టింది. చెత్తబండిలో వేసింది, బస్సు కిటికీలోంచి విసిరేసింది. అది ప్రతి పొద్దునా వచ్చి, ఆమె పక్కలో, తడిగా పడుకునేది. ఒకనాడు దాన్ని తీసుకెళ్లి కొడుకు మంచం మీద బారుగా పరిచింది. తలగడ నుంచి కాళ్లు పెట్టుకునే చోటిదాకా సరిగ్గా సరిపోయింది. ఆమె దాని పక్కన పడుకుని, వాడు పోయాక మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది.

మర్నాడు తాడు భుజాన వేసుకుని ఘాట్‌కు వెళ్లింది. జక్కయ్య ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నయ్యా, నాకు ఈత నేర్పు."

జక్కయ్య తాడు వంక చూశాడు. ఆ రోజు ఆమె అన్న మాట ఇద్దరి మధ్యా అలాగే ఉంది. ఆయన ఆ మాట ఎత్తలేదు. "చీరతో కుదరదమ్మా," అన్నాడు. "పంజాబీ డ్రెస్సు ఏదన్నా ఉందా?"

యాభైకి దగ్గరపడ్డాక రాఘవమ్మ మొదటిసారి పంజాబీ డ్రెస్సు వేసుకుంది. ఘాట్‌లో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. కొడుకును మింగిన నీళ్లలోకి ఎట్టా దిగుతుందమ్మా అన్నారు. అంకమ్మరావు తువ్వాలు పట్టుకుని మెట్టు మీద కూర్చునేవాడు, ఆయన పక్కన నాడె కూర్చునేది. ఆమె చేతులాడించడం తొందరగానే నేర్చుకుంది గానీ, నీళ్లలో కళ్లు తెరవడం చాలాకాలం చేతకాలేదు.

"తెరవాలమ్మా. కళ్లు మూసుకుంటే మునిగినోళ్లు ఎట్టా కనపడతారు?"

"తెరిస్తే వాడు కనబడతాడేమో అన్నయ్యా."

జక్కయ్య గట్టిగా ఊపిరి పట్టాడు. తనూ ఆమెతోపాటు మునిగాడు. ఆమె చివరికి కళ్లు తెరిచింది. పచ్చటి నీళ్లు, నాచు, ఎవరో వదిలిన మట్టి ప్రమిద. వాడు లేడు. ఇన్నాళ్లూ తను భయపడింది వాడు కనబడతాడని కాదు, కనబడడని. ఆ సంగతి ఆమెకు నీళ్లలోనే తెలిసింది.

మళ్లీ కార్తీకం వచ్చేసరికి ఆడవాళ్ల రేవు దగ్గర ఆడమనిషి ఉంటే మంచిదని మున్సిపాలిటీవాళ్లు ఆమెకు నారింజరంగు లైఫ్ జాకెట్టు, ఈల ఇచ్చారు. పొద్దున పొయ్యి పని ముగించుకుని, తాడు భుజాన వేసుకుని ఆమె డ్యూటీకి వెళ్లేది. మొదటిసారి ఆ మాట, డ్యూటీకి వెళ్తున్నా అని, భర్తతో అన్నప్పుడు ఆమెకే వింతగా అనిపించింది. ఇష్టమైన పని దొరికిందని సంతోషించాలో, అది దొరికిన దారి తలుచుకుని ఏడవాలో ఆమెకు తెలియలేదు. రెండూ ఒకేసారి జరుగుతుండేవి.

ఆ కార్తీకంలో ఒక సోమవారం మైలవరం నుంచి ఒక తల్లి, బెజవాడ హాస్టల్లో ఇంటర్ చదివే కూతురితో స్నానానికి వచ్చింది. అమ్మాయి పేరు భానుశ్రీ. దాని గుప్పిట్లో కాలి గజ్జె ఒకటి ఉంది. "పారెయ్యవే. కృష్ణలో కలిపితే మళ్లీ రాదని సిద్ధాంతి గారు చెప్పారు కదా. డాక్టరయ్యేదానివి, ఇది మోగుతుంటే ఎట్టా చదువుతావ్?" అంటోంది తల్లి. రాఘవమ్మకు ఆ మాటలు వినిపించాయి. అటు తిరిగి చూసింది.

అమ్మాయి చెయ్యెత్తి గజ్జె విసిరింది. విసిరిన మరుక్షణం, ఎవరో పిలిచినట్టు, దానికోసం తనే ముందుకు దూకింది. నాచు మెట్టు. గొలుసు అవతల లోతు.

జక్కయ్య ఆ రోజు కూడా ఘాట్‌కు ఆ చివరే ఉన్నాడు. రాఘవమ్మ ఈల వెయ్యడం కూడా మరిచిపోయి దూకింది. ఈదుకుంటూ గొలుసు కట్టిన ఇనుప స్తంభందాకా వెళ్లి, ఒక చేత్తో దాన్ని పట్టుకుంది. అవతల అమ్మాయి చెయ్యి తేలి మునుగుతోంది. వదిలి వెళ్తే ఇద్దరూ కొట్టుకుపోతారు. రెండో చేత్తో తాడు విసిరింది. అది నీళ్ల మీద బారుగా పరుచుకుంది. ఆమె చేతికీ ఆ పిల్ల చేతికీ మధ్య సరిగ్గా జ్ఞానేశ్వర్ అంత దూరం ఉంది. తాడు అందింది. బిగుసుకుంది. రాఘవమ్మ లాగింది.

మెట్ల మీద బోర్లా పడుకోబెట్టి వీపు చరిచింది. మళ్లీ చరిచింది. చుట్టూ జనం ఏదో అరుస్తున్నారు, ఆమెకేమీ వినబడటం లేదు. అప్పుడు ఆ పిల్ల ఊపిరి తీసుకుంది. వాడు చెప్పినట్టే ఉంది ఆ చప్పుడు. తన పురిటి మంచం మీద, వాడు పుట్టిన పొద్దున, ఏడుపుకు ముందు విన్నది అదే. రాఘవమ్మ తడి మెట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

భానుశ్రీ తల్లి ఏడుస్తూ కూతుర్ని కావలించుకుంది. పిల్ల గుప్పిట విప్పి చూస్తే గజ్జె అందులోనే ఉంది. "దీనివల్లే కదే ఇంత పనీ!" అని లాక్కుని మళ్లీ విసరబోయింది.

రాఘవమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆగండమ్మా. దాన్ని మీ చేత్తోనే అమ్మాయికి ఇవ్వండి."

"మీకు తెలీదండీ. నీట్ రాయాలి, సీటు రావాలి..."

"రాయనివ్వండి. ఇది కూడా ఇవ్వండి. మా అబ్బాయికి నేను ఇవ్వలేదు."

ఆ తల్లి కళ్లు తుడుచుకుని ఆమె వంక చూసింది. ఎవరైనా అడిగేదే అడిగింది. "మీ అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?"

రాఘవమ్మ మెట్ల మీద పడి ఉన్న తాడు వంక చూసింది. దాని ఒక కొస ఇంకా భానుశ్రీ చేతికి చుట్టుకునే ఉంది.

"ఈ పనే చేస్తున్నాడండీ," అంది.

ఆ తల్లి కూతురి పక్కన కూర్చుంది. తర్వాత గజ్జెను కొంగుతో తుడిచి, కూతురి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

రేవులోకి ఇంకా ఆడవాళ్లు దిగుతూనే ఉన్నారు. రాఘవమ్మ తాడు అందుకుంది. అలవాటు కొద్దీ పిండబోయి, ఆగిపోయింది. దాన్ని అలాగే తడిగా భుజాన వేసుకుని, మెట్టు దిగి తన చోట నిలబడింది.